కుర్చీ దిగని పంతులు

శుక్రవారం, రాత్రి

మనవరాలు పరీక్ష కోసం ఒక ఆఫ్రికా దేశాధ్యక్షుడి జీవితం పైకి చదువుతుంటే విన్న. మొదట్ల బడిపంతులట. స్వాతంత్ర్యం కోసం జైలుకు పోయిండు, గెలిచిండు, ఆ తర్వాత ముసలితనం దాకా కుర్చీ దిగలేదు.

"జనమైనా దిగమనద్దా?" అన్న.

"ఎదురుంగ కూసుంటే ఎవరంటరు అమ్మమ్మా? మీ చర్చి స్త్రీల సమాజానికి ఎప్పుడూ నువ్వే కదా ప్రెసిడెంటు" అన్నది. నోరు నా పోలికే.

మాకు ఎన్నికంటే చేతులెత్తుడే. నేను ముందర కూర్చుని చూస్తుంట, అందరి చేతులూ లేస్తయి. ప్రేమే అనుకున్న. సారపాక మార్తమ్మ చెయ్యి ఎప్పుడూ సగమే లేస్తది. భుజం నొప్పేమో అనుకున్న.

ఈ ఆదివారం ఎన్నికప్పుడు నేను కండ్లు మూసుకుంట. చేతులు పాస్టరమ్మ లెక్కపెడుతది. మూసుకునుడు సులువే. మధ్యల తెరవకుండ ఉండేటందుకే ప్రభువు సాయం కావాలె.