తెరుచుకోని కిటికీని తెరిచి ఉంచానన్న నేరం

వాహన విభాగపు అధికారి గారి సముఖమునకు, సంచార వైద్యశాల నర్సు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: వైద్యశాల వ్యానులో ఎడమవైపు బిగింపు అద్దం చుట్టూ నీరు కారుట, అందుకు నాకు మెమో వచ్చుట గురించి.

1. గత సోమవారపు వానకు వ్యానులోకి నీళ్లు దిగి కట్టుగుడ్డల పెట్టెలు రెండు తడిసినవి. నేను కిటికీ మూయక నిర్లక్ష్యము చేసినందువలననే ఇది జరిగినదనియు, మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వనిచో విధుల నుండి తొలగించెదమనియు మెమోలో ఉన్నది.

2. సదరు కిటికీ తెరుచుకోదు. అది రబ్బరు పట్టీలో బిగించిన ఒంటి అద్దం. దానికి పిడి లేదు, గడియ లేదు. మెమో చదివి మా డ్రైవరు, "అమ్మా, ఇరవై ఏళ్లుగా ఈ బండి తోలుతున్నా. దాన్ని తెరిచినవాళ్లు మీరొక్కరే. అంతా మీ ప్రార్థనల మహిమ!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

3. కారణం తెలిసికొనుటకు అద్దం లోపలి అంచున పౌడరు చల్లి, బయట డ్రైవరు చేత కింది నుండి పైకి గొట్టంతో నీళ్లు కొట్టించితిని. పై మూలకు తగలగానే పౌడరు మీద తడిగీత దిగినది. అక్కడ గోటితో గీకితే కొత్త పేస్టు పొరలుగా ఊడివచ్చినది. దాని కింద రబ్బరు పగిలి, రేకు తుప్పు పట్టి ఉన్నవి. మొన్నటి రిపేరులో అద్దం ఊడదీసి, తుప్పు గీకి, కొత్త రబ్బరు వేయవలసి ఉండగా, షెడ్డువారు పైపైన పేస్టు పూసి వదిలినారు.

4. రిపేరు సంతృప్తికరముగా పూర్తయినదన్న కాగితం మీద సంతకం నాదే. దాచను. షెడ్డు ఫోర్‌మన్ "మేం చూసుకున్నాంలే అక్కా, నువ్వు సంతకం పెట్టు" అనగా, బండి వైపు చూడకుండా పెట్టితిని. నేను కిటికీ తెరిచి ఉంచితినని తమకు రిపోర్టు వ్రాసినదీ అతనే.

అతను నా ఆఖరి తమ్ముడు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు.

మెమో పట్టుకుని షెడ్డుకు వెళ్లితిని. "నాకైతే ఏకంగా ఉద్యోగమే పోతుందక్కా. నీకు మందలింపుతో సరిపెడతారనుకున్నా. పెద్దదానివి, ఈ ఒక్కసారి సర్దుకోలేవా?" అన్నాడు. స్పానరు తుడుస్తూనే అన్నాడు. తల ఎత్తలేదు.

సర్దుకోవడం నాకు కొత్త కాదు. తడి కట్టు కడితే పుండు సర్దుకోదు.

5. కావున తమరు స్వయముగా విచ్చేసి, ఆ అద్దం మీద నీళ్లు కొట్టించి చూడవలెను. దానిని ఊడదీయించి సరిగా బిగింపించవలెను. చూడక సంతకం చేసినందుకు ఏ శిక్షయినా సమ్మతమే. తెరిచితినని మాత్రం ఒప్పుకొనను.

ఈ నాలుగు ముక్కలు చిత్తగించి, తగు ఉత్తర్వులు ఇప్పించవలెను.

తమ విధేయురాలు,
సంచార వైద్యశాల నర్సు

తా.క.: ఏ అర్జీ వచ్చినా "రిపోర్టు నిమిత్తం" ముందు షెడ్డుకే పంపుతారని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. కాబట్టి ఇది నీ చేతికే వస్తుంది తమ్ముడూ. చింపకు. రెండు రోజులుగా ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పుకొని, నీ దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోతోంది. ఉద్యోగం పోయినా ఇంత కష్టంగా ఉండదు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. నన్ను మళ్లీ నీ పేరు చెప్పుకోనివ్వు.