పికిల్స్ బొచ్చు

పైన్ హాలో, కెంటకీ
మే 29, 2011

కోరాలీకి,

ఐడెల్లా రాస్తున్నది. కవరు మీద నా పేరు చూసి కూడా చించి పారేయకుండా ఇంతవరకు చదివావంటే సగం పని అయినట్టే. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పి తగ్గి, మళ్లీ తోటపనికి వంగగలుగుతున్నావని ఆశ. అరమైలు దూరానికి ఉత్తరమేంటే, స్టాంపు దండగ, అని మా ఆయన వర్జిల్ నవ్వుతున్నాడు.

హమ్మింగ్‌బర్డ్‌లు ఏప్రిల్‌లోనే వచ్చేశాయి. పంచదార నీళ్ల సీసా ఇంకా కట్టకముందే కిటికీ ముందు గాల్లో ఆగి నన్ను నిలదీశాయి. ఒకటి మా వసారా మూలల్లోని సాలెగూళ్లు లాక్కెళ్లి, సికమోర్ కొమ్మ మీద సగం అక్రోటు చిప్పంత గూడు కట్టింది. అందుకని ఈ ఏడు బూజు దులపలేదు. నీ బద్ధకానికి ఇదో సాకు దొరికిందిలే అంటాడు వర్జిల్.

అసలు సంగతికి వస్తాను. ఆరేళ్ల క్రితం మా ఆపిల్ చెట్టుకు కట్టిన పెట్టెలో చికడీ పిట్టలు గుడ్లు పెట్టాయి. ఒక పొద్దున చూస్తే గుడ్లన్నీ కింద పగిలి ఉన్నాయి, పెంకులకు నారింజ బొచ్చు అంటుకుని ఉంది. అంతే, నీ పికిల్స్ మీద పడ్డాను. ఈ లోయలో నారింజ పిల్లి నీది కాకపోతే ఇంకెవరిదే, అని చర్చి మెట్ల మీద అందరి ముందూ అరిచాను. నువ్వు మెట్లు దిగి వెళ్లిపోయావు. ఆ వారమే దాన్ని మీ మేనకోడలికి ఇచ్చేసి, నాతో మాట మానేశావు.

పోయిన వారం అదే చెట్టు కింద బఠాణీలు ఒలుస్తున్నాను. గుప్పిట్లో పట్టేంత రెన్ పిట్ట ఒకటి చికడీల పెట్టెలో దూరి, గుడ్లను ముక్కుతో పొడిచి ఒక్కొక్కటే బయట పారేసింది. చుట్టుపక్కల ఇంకొకరి గూడు ఉంటే దానికి పడదు. ఆరేళ్ల క్రితమే పది అడుగుల్లో రెన్‌లకి పెట్టె కట్టింది కూడా నేనే! తప్పు పిట్టది, నాది. శిక్ష పడింది నీకూ నీ పిల్లికీ. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను క్షమించవే.

చికడీలు మాత్రం దిగులుపడి కూర్చోలేదు. కొట్టం వెనక పుచ్చిన మోడులో తొర్ర తొలుస్తున్నాయి, నాచు మోస్తున్నాయి. అన్నీ సవ్యంగా జరిగితే జూన్ ఆఖరుకల్లా పిల్లలు వస్తాయి. రోజంతా ఆకుపురుగులు తెచ్చి వాటి నోళ్లలో కుక్కడం ఇద్దరం కూర్చుని చూద్దాం. ఆదివారం చర్చికి రా. ఆ మెట్ల మీదే, అందరి ముందూ నా తప్పు నేనే చెబుతాను.

నీ
ఐడెల్లా

తా.క. కవరు అంటించి మళ్లీ విప్పాను. పైన రాసిన దాంట్లో ఒక దాపరికం ఉంది. నీ పిల్లి తప్పు లేదని నాకు తెలిసింది పోయిన వారం కాదు. ఆ ఏడాది అక్టోబరులో, పాత గూడు తీసి పెట్టె కడిగేటప్పుడే తెలిసింది. నాచు మీద పికిల్స్ బొచ్చు మెత్తగా, పొందికగా పరిచి ఉంది. నువ్వు దాన్ని దువ్వి బొచ్చు కంచె మీద వదిలేదానివి కదా, తల్లిపిట్ట అది ఏరుకొచ్చి గుడ్ల కింద పక్క వేసుకుంది. నీ పిల్లి మీద నాకున్న సాక్ష్యం ఆ బొచ్చొక్కటే. అప్పుడే వచ్చి చెబితే పికిల్స్ ఆ వారమే ఇల్లు చేరేది. అందరి ముందూ అన్న మాట అందరి ముందూ వెనక్కి తీసుకోవాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను, ఆరేళ్లు. ఇది కూడా చదివాక రావాలనిపిస్తేనే రా.