పాప నిద్రలో అరిస్తే లేపకు

తమ్ముడూ, ఈ రాత్రి మీ బావకీ నాకూ ఇద్దరికీ డ్యూటీ. నీ మేనకోడల్ని ఆటల్లో పెట్టి ఆలస్యం చెయ్యకు, త్వరగా పడుకోబెట్టు. బాగా అలిసిపోయిందంటే నిద్రలో కెవ్వుమని లేచి కూర్చుంటుంది. కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ అది నిద్రలోనే ఉంటుంది. లేపకు. మంచం మీంచి పడకుండా పక్కన కూర్చో చాలు, దానంతటదే పడుకుంటుంది.

మొన్న మీ బావ ఫైర్ స్టేషన్ అలవాటు కొద్దీ దాన్ని భుజాన వేసుకుని బయటికి పరిగెత్తారు. వీధి వీధంతా లేచింది, అది తప్ప! పొద్దున్న దానికేమీ గుర్తులేదు.

అన్నట్టు, చిన్నప్పుడు నువ్వూ ఇంతే. పక్కన కూర్చున్నది నేనే. నీకెలాగూ గుర్తుండదులే.

అక్క