మల్లేశన్నకు అందని బెల్టు

మల్లేశన్నా,

నువ్వు పరంజా మీంచి పడిపోయి ఇవాళ్టికి ఏడాది. బయటి దేశాల బ్యాంకులు దివాలా తీశాక ఆగిపోయిన మన మాదాపూర్ బిల్డింగు మళ్లీ మొదలైంది. నాలుగు దేశాలు కలిసి అప్పిచ్చాయట. కూలీలకు రక్షణ ఉండాలని షరతు పెట్టాయట. అందుకే పైనుంచి పడిపోకుండా అందరికీ నడుం బెల్టులు వచ్చాయి.

"గంగిరెద్దు లెక్కున్నవ్ రా," అని బెల్టు కట్టుకున్న నన్ను చూసి తోటి కూలీ యాదగిరి నవ్వాడు.

అప్పిచ్చినవాళ్ల తరఫున పని చూడటానికి విదేశీ మేడమ్ వచ్చింది. "బెల్టులు మొదటి సంది ఉన్నయి మేడమ్," అన్నాడు మేస్త్రీ.

పని పోతుందని తెలిసినా నా నోరు ఆగలేదు. "మా అన్నకు లేకుండె. గందుకే సచ్చిపోయిండు."

"నోర్మూస్కోరా!" అని మేస్త్రీ అరిచాడు.

మేడమ్ పక్కనున్న కుర్ర ఇంజనీరు తటపటాయిస్తూనే నా మాట ఆమెకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆమె నీ పేరు అడిగి రాసుకుంది.

రోజుకూలీవి కదన్నా, ఈ సైటు కాగితాల్లో నీ పేరెక్కడం ఇదే మొదటిసారి.

నీ తమ్ముడు