చనిపోయిన నేతగాడి గుడ్డ

నాకు మగ్గం నేర్పిన పిన్నికి,

బాబాయి మోకాలి నొప్పి తగ్గిందా? మేం బాగున్నాం. బాగున్నామని రాశాక కూడా కాగితం ఖాళీగానే ఉంది కనుక అసలు సంగతి రాసేస్తాను.

మా ఆయన చేసే పనేమిటో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. పాటలు వినే ఆంప్లిఫైయర్లు, స్పీకర్లు తయారు చేస్తారు. లోపలున్నదంతా కొత్తదే. ఫోనులో పాట తీగ లేకుండా వచ్చి అందులో పడుతుంది. పైకి మాత్రం తాతల నాటి రేడియోలా ఉంటుంది. చెక్క పెట్టె, గాజు వెనక పసుపు దీపం, పాట ఎత్తుకుంటే లేచి, తగ్గితే పడుకునే సన్నటి ముల్లు. తిప్పే మీట చేతికి బరువుగా తగలాలని లోపల ఇత్తడి ముక్క పెడతారు. "ఎందుకండీ ఇంత బరువు?" అని అడిగితే, "తేలిగ్గా తిరిగితే చెయ్యి నమ్మదు" అన్నారు. కొనేదంతా డబ్బున్నవాళ్లే. వాళ్లు ముందు చేత్తో తిప్పి చూసి, ఆ తర్వాతే చెవితో వింటారు.

స్పీకర్ ముందు ఒక గుడ్డ కడతారు. పాత రేడియోలకు ఉండేది చూడు, గోధుమరంగులో, మధ్య మధ్య బంగారు పోగు మెరుస్తూ. అలాంటిది బజారంతా తిరిగినా ఆయనకు దొరకలేదు. నేను నేస్తానన్నాను. పెళ్లయ్యాక నా అంతట నేను అన్న మొదటి మాట అదేనని ఇప్పటికీ ఏడిపిస్తుంటారు. వెనక గదిలో మగ్గం వేయించారు. మొదటిసారి నువ్వు నేర్పినట్టే ఒత్తుగా నేశాను. కట్టి చూస్తే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంది. నీ దగ్గర మంచి నేత అంటే నీళ్లు పోసినా నిలవాలి. ఇక్కడ మంచి నేత అంటే పాటకు అడ్డమే లేనట్టుండాలి. అడ్డంగా వెళ్లే పేక పోగు వదులు చేసుకుంటూ, గుడ్డకు ఇవతల నుంచి ఊది అవతల కొవ్వొత్తి మంట వంగుతుందో లేదో చూసుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పుడు నా గుడ్డ వెనక నుంచి గొంతు గొంతులాగే వస్తుంది.

నిన్న టీ పట్టుకుని ముందు గది తలుపు దాకా వెళ్లాను. అక్కడ అమ్మకాలన్నీ మా బావగారివి. ఒక పెద్దాయన నా గుడ్డను వేలితో తడుముతున్నారు. బావగారు చెబుతున్నారు: "ఇది ఇప్పటి గుడ్డ కాదండి. ఎప్పుడో మూతపడ్డ మిల్లు గోడౌనులో దొరికింది. నేసినాయన పోయి ఎన్నేళ్లయిందో. ఆ చెయ్యి మళ్లీ పుట్టదు." పెద్దాయన నిట్టూర్చి, స్పీకర్ల జత కొనేశారు.

మా ఆయన పక్కనే ఉన్నారు. స్క్రూ బిగిస్తూ తలెత్తలేదు. నేను టీతోనే వెనక్కి వచ్చేశాను. గోడకు ఇవతల బతికే ఉన్నాను పిన్నీ. ఉన్నపళంగా చంపేశారు, పైగా మగవాణ్ణి చేసేశారు.

నీ మూగపిట్ట


పిన్నికి, తడి కళ్లతో రాయడం లేదని ముందే చెబుతూ,

"నోరుంది కదా, అడుగు" అని రాశావు. అడిగాను. అంటే, అడిగినంత పని చేశాను.

"బావగారు అలా ఎందుకు చెప్పారండీ?"

"అన్నయ్య సంగతి తెలిసిందేగా. పాతదంటే జనానికి ముచ్చట. మనకేం పోయింది?"

నేను పోయాను కదా అనాలనుకున్నాను. అనకుండానే మగ్గం దగ్గరికి వచ్చేశాను. నీ పాత కమ్మలు నేను పెట్టుకుంటే ముచ్చటగానే ఉంటుంది. అంతమాత్రాన నేనే పాతకాలపు మనిషినని ఎవరూ చెప్పుకోరు. పాతగా కనిపించడం వేరు, పాతదని నమ్మించడం వేరు. ఆయన పెట్టే మీటను చెయ్యి నమ్మాలి, నా గుడ్డకు మాత్రం మనిషి అక్కర్లేదా?

ఎవరికీ చెప్పని మాట నీకు చెబుతున్నాను. ఇప్పుడు మగ్గం మీదున్న గుడ్డ కోసి ఇచ్చేసి, ఇక నేయను. చనిపోయిన మనిషి ఎన్నాళ్లని నేస్తుంది?

నీ మూగపిట్ట


పిన్నీ, కూర్చుని చదువు,

ఆ పెద్దాయన మళ్లీ వచ్చారు. పసిపిల్లను ఎత్తుకున్నట్టు స్పీకర్‌ను రెండు చేతులా పట్టుకుని వచ్చారు. దాని ముందున్న గుడ్డనంతా వాళ్ల పిల్లి గోళ్లతో పీలికలు చేసింది. "ఆ నేసినాయన ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి. మళ్లీ దొరకని వస్తువు నా ఇంట్లో పాడైపోయింది. చిన్న ముక్కైనా మిగిలిందేమో చూడండి" అంటున్నారు. ఆయన గొంతు వణకడం నాకు మగ్గం దాకా వినిపించింది.

బావగారు నీళ్లు నమిలారు. "గోడౌనులో... వెతికించాలండి..."

నా చెయ్యి ఆగిపోయింది. బయటికి వెళితే బావగారి మాట పోతుంది. బేరం తిరిగొస్తుంది. మా ఆయన పేరూ పోవచ్చు. వెళ్లకపోతే ఆ పెద్దమనిషి నా కోసమే ఏడుస్తూ ఇంటికి వెళతారు. లేచాను. చేతిలో పోగు నడిపే నాడె ఉందన్న సంగతి కూడా మర్చిపోయాను.

"ఆయన పోలేదండీ" అన్నాను. అందరూ తిరిగారు. "ఆయన నేనే."

పెద్దాయన నాడెను చూశారు, నన్ను చూశారు, బావగారిని చూశారు. "మరి మిల్లు? గోడౌను?" అన్నారు. ఆ పూటకు మూగపిట్ట బావగారే.

"మిల్లు లేదండీ. ఈ వెనక గదిలోనే నేశాను. కొత్త గుడ్డ. వద్దనుకుంటే స్పీకర్లు రెండూ తిరిగిచ్చేయండి, డబ్బు ఇచ్చేస్తాం." ఎవరినీ అడక్కుండానే అనేశాను పిన్నీ.

మా ఆయన స్క్రూడ్రైవర్ కింద పెట్టి నా పక్కకొచ్చి నిలబడ్డారు. "మొదటి రోజే ఈ మాట నేను చెప్పాల్సింది. నోరు మూసుకోవడం నా తప్పండి" అన్నారు. అది ఆ పెద్దాయనతో అన్నా, చూపు నా మీదే ఉంది.

పెద్దాయన కాసేపు బావగారిని గుర్రుగా చూశారు. తర్వాత చిరిగిన గుడ్డను నిమిరి, "అయితే అమ్మా, పిల్లి మళ్లీ గోకినా భయం లేదన్నమాట" అన్నారు. ఎవరు ముందు నవ్వారో తెలియదు. గదంతా నవ్వింది.

మగ్గం చూస్తానన్నారు. కొవ్వొత్తి వెలిగించి గుడ్డ అడ్డం పెడితే తనూ ఊదారు. మంట వంగింది. చిన్నపిల్లాడిలా ఇంకోసారి ఊదారు. ఇక నేయనని కోసిద్దామనుకున్న గుడ్డే ఆయన కళ్లముందు కోసి, పోగులు వంకర పోకుండా చట్రానికి బిగించి ఇచ్చాను. మా ఆయన పాట పెట్టారు. ముల్లు లేచింది. పెద్దాయన కళ్లు మూసుకున్నారు. వెళ్తూ వెళ్తూ తన స్నేహితుడికీ ఒక జత చెప్పి వెళ్లారు.

ఇప్పుడు ప్రతి స్పీకర్ వెనకా ఇత్తడి రేకు మీద మా ఆయన పేరు పక్కన నా పేరు ఉంది. ఆయనే చెక్కారు. బావగారు మాత్రం ఊరుకోలేదు. వచ్చినవాళ్లందర్నీ మగ్గం దగ్గరికి తీసుకొస్తున్నారు. నిన్న ఎవరితోనో "రాజుల కాలం నాటి మగ్గమండి ఇది" అని మొదలుపెట్టారు. నేను నేత ఆపకుండానే, "పోయినేడు చేయించాం బావగారూ" అన్నాను.

"చూశారా, మా మరదలు ఒక్క కోత కూడా కోయనివ్వదు" అని ఆయనే అందరికంటే గట్టిగా నవ్వారు.

కింద సంతకంలో ఒక మాట తగ్గింది. మర్చిపోయి కాదు పిన్నీ.

నీ పిట్ట