మళ్లొక్కసారి

1984 నవంబరు, ఆదివారం రాత్రి

ఇవాళ కళాసమితి వాళ్ల కవిసమ్మేళనంలో నా భార్య సరళ మీద రాసిన కవిత చదివాను. ఆమె పోయాక నేను రాసింది అదొక్కటే. మూడో పంక్తికి వచ్చేసరికి వెనక వరుసలోంచి ఒక ముసలాయన, "మల్లొక్కపారి సదువు సారూ" అన్నాడు. ఉర్దూ కవుల ముషాయిరాలు విన్న ఊరు కదా, ఇక్కడ నచ్చిన పంక్తిని అలా మళ్లీ చదివించుకుంటారు. సభలో నన్నెవరూ ఎన్నడూ అలా అడగలేదు. గొంతు సవరించుకుని చదివాను. ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి కళ్లు మూసుకుని చదివాను.

సభ అయిపోయాక ఆయన్ని చాయ్ దగ్గర వెతికి పట్టుకున్నాను. సిర్గాపూర్ రైతట. "అంత నచ్చిందా పెద్దాయనా?" అని అడిగాను.

"ఏం నచ్చుడు సారూ, మైకు గుర్రుమంటుండె. ఒక్క ముక్క ఇనవడలె. గందుకే అడిగిన."

నవ్వాను. ఇంకేం చెయ్యను?

నడిచి వస్తుంటే గుర్తొచ్చింది, సరళ కూడా అంతే. నేను వరండాలో కూర్చుని కొత్త కవిత చదివితే వంటింట్లోంచి "ఏందయ్యా, మల్ల సదువు" అనేది. పంపుస్టవ్ మోతలో ఆమెకు వినపడేది కాదు. మెచ్చుకుని అడుగుతోందని నేను ఒక్కనాడూ అనుకోలేదు. మరి ఇవాళ ఎందుకనుకున్నానో...

ఇంటికొచ్చి స్టవ్ వెలిగించి, చాయ్‌కని పాలు పెట్టాను. అది బుస్సుమంటుంటే వరండాలో నిలబడి కవిత మొదటినుంచి చదివాను. మూడో పంక్తి దగ్గర ఆగాను. చాలాసేపే ఆగాను.

వంటింట్లోంచి పాలు పొంగిన వాసన మాత్రం వచ్చింది.