కదలనివ్వని సైలెన్సర్

చిట్టితల్లీ,

ఇంజిన్ స్టార్ట్ చెయ్యకు. ముందు ఈ ఒక్క మాట చదువు, మిగతాది తర్వాత. మీ మైదానంలో ఫోన్ పలకదు కనుక వ్యాన్ డ్రైవర్ కాళ్ళావేళ్ళా పడి ఇది పంపుతున్నాను. కుడిచెయ్యి కాలింది, ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు చూసి నవ్వకు.

నీ రిమోట్ విమానంలాంటిదే రెండోది చేస్తున్నానుగా. ఇంజిన్, పొగగొట్టం, పొట్టలో సైలెన్సర్, అన్నీ నీ దాంట్లో బిగించినట్టే బిగించాను. ఇవాళ పొద్దున పెరట్లో నడిపి చూశాను. కాసేపు బుద్ధిగానే పాడింది. ఇంతలో ఫట్‌మని గొట్టం మెడ దగ్గర విరిగింది. నాలుకంత మంట పెట్రోలు ట్యాంకు వైపు సాగింది. చేత్తో ఆపబోయాను, బుద్ధిలేక. మీ అమ్మ తడిగోనె తెచ్చి కప్పకపోతే పెరడే మిగిలేది కాదు.

తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. ఇంజిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని వణుకుతుంది. దాంతోపాటే గొట్టమూ సైలెన్సరూ వణకాలి. అందుకే సైలెన్సర్ తోకను రబ్బరు రింగులో వదులుగా ఆనిస్తారు. నేనేమో బండమీద ఇల్లు, బండమీద ఇల్లు అని వారం వారం చర్చిలో అరిచేవాణ్ణి. కదిలేదేదైనా నా కంటికి విశ్వాసం లేనిదే. సైలెన్సర్‌కు ఇనుప పట్టీ వేసి, బోల్టు పెట్టి కదలకుండా బిగించేశాను. ఆ వణుకంతా పోయే దారి లేక గొట్టం మెడ మీద పడింది.

నీ దాంట్లోనూ అదే పట్టీ. రేపు ప్రదర్శన చూడ్డానికి కంచె అవతల పిల్లలు కూర్చుంటారు. వాళ్ళ తలల మీదుగా తిప్పుతావు. తలచుకుంటేనే నాలుక పిడచకట్టుకుపోతోంది. భయం సాతాను చుట్టమని వేదికెక్కి గర్జించిన నాలుకే ఇది. ధైర్యం కోసం లేఖనం తెరిస్తే భక్తుణ్ణి సింహాల గుహలోకి తోసిన కథ వచ్చింది. మూసేశాను. ఈసారి గుహలో ఉన్నది నువ్వు, తోసింది నేను.

మీ అమ్మ నెత్తిన నిలబడి, "ప్రసంగం చాలు, సంగతి రాయండి" అంటోంది. సంగతి ఇదే: ఎగరెయ్యకు. ఎవరు నవ్వినా సరే.

భయంతో,
మీ నాన్న

*

నాన్నా,

నీ ఉత్తరం అందేసరికి విమానాన్ని రన్‌వే మీదకు తోశాం. డ్రైవర్ మామ రొప్పుతూ వచ్చి, "మీ నాన్న హడలిపోతున్నాడమ్మా" అన్నాడు. "మా నాన్నకి భయమా? ఎవరి నాన్నను చూసొచ్చావో!" అని నవ్వాను. మొదటి వాక్యం చదివి ప్రొపెల్లర్ మీంచి చెయ్యి తీసేశాను.

ఎగరెయ్యలేదు. పట్టీ ఊడదీస్తే గొట్టం రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది.

ఇప్పుడు నా సంగతి విను. నిన్న ఇక్కడ నడిపి చూసినప్పుడే గొట్టం మెడ దగ్గర మసి కనిపించింది. తుడిస్తే కింద సన్నని చీలిక. మళ్ళీ నడిపాను, మళ్ళీ మసి. మళ్ళీ తుడిచేశాను. ఎవరికీ చెప్పలేదు. నువ్వు బిగించినదాన్ని నేను విప్పితే, నలుగురిలో నన్ను అల్పవిశ్వాసీ అని పిలుస్తావు. ఆ పిలుపు ముందు మంట ఏపాటిది? నీకే ఎక్కువ భయపడ్డాను నాన్నా. నువ్వు భయపడకపోయుంటే ఎగరేసేదాన్ని.

చెయ్యి మానేదాకా దేన్నీ ముట్టుకోకు. రెండో విమానం నేనొచ్చి విప్పుతాను. పక్కనే కూర్చో. నాకు అనుమానం వచ్చిన చోటల్లా అడుగుతాను, కోప్పడకు.

నీ చిట్టి